రసెల్ టిబడో కుడిచెయ్యి

రసెల్ టిబడో బేస్‌బాల్ పెద్ద లీగ్‌లో ఆడాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. వాడి పేరెత్తితే చాలు, "పాపం, పైకి వెళ్లలేకపోయాడు కదా" అని సానుభూతి ఒలకబోసేవాళ్లు మా ఆటలో చాలామంది ఉన్నారు. వెళ్లాడు. రికార్డుల పుస్తకంలో వాడికో వరస ఉంది. అందులో ఏముందో తర్వాత చెప్తాను. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వాడి మీద కాదు, నా మీద.

నేను వాడి క్యాచర్‌ని. పేరు వెర్న్ హోస్టెట్లర్. పిచర్ అరవై అడుగుల దూరంలో మట్టిదిబ్బ మీద నిలబడి బంతి విసురుతాడు. బ్యాటు తగలకపోతే అది బ్యాటర్ వెనక గొంతుక్కూర్చున్న నా గ్లవ్‌లోకి వచ్చి పడుతుంది. ఆరు సీజన్లు వాడి బంతులు పట్టాను. వాడు ఏ బంతి ఎంత బలంతో వేశాడో, రాత్రి నిద్రపోయాడో లేదో, పెళ్లాంతో పోట్లాడి వచ్చాడో కూడా నా అరచేతికి తెలిసేది. ఇది గొప్పకి చెప్పడం లేదు. నాకు తెలిసేది అన్న సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి, అందుకు చెప్తున్నాను.

వాడిది మెయిన్ రాష్ట్రం కొస. పొలం గట్టు దాటితే కెనడా. అక్కడ బంగాళాదుంపలు తప్ప ఇంకో పంట లేదు. తవ్వకాల రోజుల్లో బడి మూసేసి పిల్లల్ని పొలాల్లోకి తోలేవారు. వంగి వంగి నడుం పడిపోతుంటే రసెల్ దుంపల్ని ఉన్నచోటు నుంచే పీపాలోకి విసిరేవాడట. పన్నెండేళ్లకి ముప్ఫై అడుగుల దూరం నుంచి విసిరినా ఒక్కటి బయట పడేది కాదు. దుంపలకి దెబ్బ తగులుతోందని వాళ్ల నాన్న తిట్టేవాడు. పద్దెనిమిదేళ్లకి జట్టువాళ్లు వచ్చి సంతకం పెట్టించుకుపోయారు.

మేం కలిసిన ఊరు హార్లన్ ఫెర్రీ. అయోవాలో మిసిసిపీ ఒడ్డున ఉంటుంది. ఊరంతా మొక్కజొన్న పిండి ఫ్యాక్టరీ కంపు. మా జట్టు పెద్ద లీగ్‌కి ఒక్క మెట్టు కింద. ఒక్క మెట్టే, కానీ ఆ మెట్టు మీద కూర్చుని జుట్టు నెరిసిన వాళ్లని నేను చూశాను. నన్ను మొదటిరోజు చూసి రసెల్, "వీడేంట్రా, అచ్చం మా కొట్లో దుంపల బస్తాలా కూర్చున్నాడు," అన్నాడు. అప్పటి నుంచి నేను బస్తాని. వాడి నోట నా అసలు పేరు విన్నది రెండుసార్లే.

మేనేజర్ మెర్ల్ గ్రాబోస్కీ. మేం బాస్ అనేవాళ్లం. అరవై దాటినవాడు, బుగ్గలో ఎప్పుడూ పొగాకు. మంచివాడే. మంచివాళ్ల వల్ల జరిగిన నష్టం గురించే ఈ కథ.

రసెల్ చెయ్యి మొదటిసారి దెబ్బతిన్నది ఇరవై ఒకటో ఏట, ఏప్రిల్ చలిలో. భుజంలో ఏదో చిరిగింది. ఆ ఇన్నింగ్స్ అవగానే వచ్చి చెప్పాడు. బాస్ వాడి వీపు తట్టి, "చెప్పి మంచి పని చేశావు నాన్నా. చెప్పకుండా దాచుకున్నవాళ్లు నాశనమైపోయారు," అన్నాడు. ఒక సీజన్ పోయింది. బాగైంది.

రెండోది మోచేయి. ఇరవై మూడో ఏట. లోపలి లిగమెంట్ తెగింది. ఎడమ ముంజేతిలోంచి సన్నటి తాడులాంటిది తీసి కుడి మోచేతిలో ఎముకకి చిల్లులు పెట్టి కుట్టారు. అప్పటికి ఆ ఆపరేషన్ కొత్త. బాగయ్యేదాకా ఎవరికీ ఏమీ తెలియదు. పద్నాలుగు నెలలు. బకెట్టు నిండా బియ్యం పోసుకుని అందులో చెయ్యి మోచేతిదాకా దూర్చి పిడికిలి బిగించడం, వదలడం. రోజుకి మూడుసార్లు. నేను వాళ్లింటికి వెళ్తే వాడి భార్య నోరీన్ టీవీ చూస్తూ ఉండేది, వాడు బకెట్టు ముందు కూర్చుని బియ్యం పిసుకుతూ ఉండేవాడు. "ఆ బియ్యం వండుకు తింటే ఊరంతా తినొచ్చు వెర్న్," అనేది ఆమె. నవ్వుతూనే అనేది. అప్పటికింకా నవ్వేది.

ఆ రెండోసారి వాడు చెప్పినప్పుడు బాస్ వీపు తట్టలేదు. "మళ్లీనా?" అన్నాడు.

మూడోసారి మోచేతిలో ఎముక ముక్కలు విరిగి లోపల తిరుగుతున్నాయి. బస్సులో అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే మర్నాడు వాడే పిచర్. బాస్ కిటికీలోంచి ఉమ్మి, "వీడి దుంప తెగ, వీడు మనిషి కాదురా, గాజు సామాను," అన్నాడు. బస్సు బస్సంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి వాడి పేరు గాజు. వాడు ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చేసరికి లాకర్ మీద ఎవరో పార్సిళ్ల మీద అంటించే ఎర్ర కాగితం అంటించారు. 'జాగ్రత్త, పగులును' అని.

ఎవరో ఏమిటి, నేనే. పోస్టాఫీసులో అడిగి తెచ్చాను. సరదాకే. వాడు చూసి నవ్వాడు, "అంటించడం కూడా వంకరగా అంటించావు బస్తా," అన్నాడు. ఆ కాగితం పీకలేదు. రెండు సీజన్లు అది అక్కడే ఉంది.

ఆ రెండు సీజన్లూ వాడు నొప్పి అన్న మాట ఎత్తలేదు.

ఎనభై ఆరులో వాడికి ఇరవై ఏడు. పిచర్‌కి అది ఆఖరి బస్సు వయసు. కానీ ఆ ఏడు చెయ్యి దేవుడిచ్చినట్టుగా ఉంది. బంతి మళ్లీ పాతలాగా చప్పుడు చేస్తూ గ్లవ్‌లో పడుతోంది. డాక్టరు పంపిన ఉత్తరం బాస్ గది గోడకి గుచ్చి ఉండేది. ఒక ఆటలో ఎనభై అయిదు బంతులకి మించి వేయించకూడదు, మించితే ఆ కుట్టు ఆగుతుందని నేను చెప్పలేను, అని. బంతులు లెక్కపెట్టడానికి మా వైద్యసహాయకుడు లెస్టర్ చేతిలో నొక్కితే అంకె మారే చిన్న పరికరం ఉండేది. ఎనభై రాగానే అతను బాస్ వైపు చూసేవాడు, బాస్ లేచి దిబ్బ దగ్గరికి వెళ్లేవాడు. ఆ వేసవి అంతా అలాగే జరిగింది.

సెప్టెంబరు ఒకటో తారీఖున పెద్ద లీగ్‌లో ఆడే మా పైజట్టు కిందినుంచి మనుషుల్ని తీసుకుంటుంది. ఆగస్టు ముప్ఫై ఒకటి ఆదివారం మధ్యాహ్నం మా ఆట. పైజట్టు మనిషి ఒకడు బుర్రకి పసుపు టోపీ పెట్టుకుని మూడో వరసలో కూర్చున్నాడు. ఎవరికోసం వచ్చాడో అందరికీ తెలుసు. నోరీన్ ఆ రోజు కొత్త గౌను వేసుకుని వచ్చింది. ఆట మొదలయ్యే ముందు రసెల్ నాతో, "ఒక్క ఆట చాలురా నాకు. పైన ఒక్క ఆట ఆడితే ఇంటికి పోయి దుంపలు ఏరుకున్నా బాధలేదు," అన్నాడు. "ఒక్కటెందుకు, పదేళ్లు ఆడతావు," అన్నాను. నమ్మే అన్నాను.

మా ఆటలో ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్. అయిదు ఇన్నింగ్స్ అయ్యేసరికి ఎదుటి జట్టులో ఒక్కడు కూడా సరిగ్గా బంతి కొట్టి, పరుగెత్తి, బేస్ అనే మజిలీ చేరలేదు. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్ అలాగే ముగిస్తే పిచర్ పేరు నిలిచిపోతుంది. చాలామంది జీవితమంతా ఆడినా దక్కదు. అందుకే మాకో కట్టుబాటు ఉంది. అది ఎవడు పెట్టాడో, వాడు ఇప్పుడు నరకంలో ఏ మూల ఉన్నాడో నాకు తెలియదు. ఆట అలా సాగుతున్నప్పుడు ఆ పిచర్‌తో ఎవరూ మాట్లాడకూడదు. పక్కన కూర్చోకూడదు. జరుగుతున్న దాని పేరెత్తకూడదు. ఎత్తితే చెడుతుంది. ఎవడు ఎక్కడ కూర్చున్నాడో అక్కడే కూర్చోవాలి. కాలు మీద కాలు వేసుకున్నవాడు కాలు దించకూడదు. పిల్లల ఆటల దగ్గర్నుంచి మాకు ఇది తల్లిపాలతో వచ్చినట్టు వస్తుంది. చదువుకున్నవాళ్లు, చర్చిలో పాటలు పాడేవాళ్లు, అందరూ పాటిస్తారు. స్టేడియంలో మైకు పట్టుకున్నవాడు కూడా ఆ మాట అనడు.

అయిదో ఇన్నింగ్స్ తర్వాత రసెల్ వచ్చి బెంచీ ఆ చివర కూర్చున్నాడు. మేమందరం ఈ చివరికి జరిగాం. మధ్యలో పది అడుగుల ఖాళీ బెంచీ. వాడి దగ్గరికి వెళ్తున్నవి ఈగలు మాత్రమే.

ఆరో ఇన్నింగ్స్ చివర్లో లెస్టర్ చేతిలో అంకె డెబ్బై ఆరు. నేను చూశాను. ఏడో దానిలో రెండో బ్యాటర్‌కి ఎనభై దాటింది. అతను బాస్ వైపు చూశాడు. బాస్ పొగాకు నములుతూ ఆకాశం వైపు చూశాడు. లెస్టర్ కాసేపు ఆ పరికరాన్ని చేతిలో తిప్పి, తిప్పి, జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత నాకు తెలిసి ఎవరూ లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టాను.

అప్పుడే వంపు బంతి వేయమని వేళ్లతో సైగ చేశాను. వాడు తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అదే సైగ. మళ్లీ అడ్డంగా. వేగపు బంతే వేశాడు, అది నా గ్లవ్‌లో మెత్తగా పడింది. మూడు బంతుల ముందే నా బొటనవేలు అదిరిపోయేలా వేసినవాడిది. వాడి వైపు చూశాను. గ్లవ్ విప్పి ఎడమచేత్తో చెమట తుడుచుకుంటున్నాడు. టోపీ కూడా ఎడమచేత్తోనే సర్దుకున్నాడు. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. దాని చిటికెన వేలు దానంతట అదే వణుకుతోంది.

నాకు తెలిసిపోయింది. అనుమానం కాదు, తెలిసిపోయింది.

క్యాచర్ ఎప్పుడైనా ఆట ఆపమని అడిగి దిబ్బ దగ్గరికి వెళ్లొచ్చు. మామూలు రోజుల్లో ఆటకి అయిదారుసార్లు వెళ్లి బూతు జోకులు చెప్పి వచ్చేవాణ్ణి. ఆ రోజు లేచాను. నాలుగడుగులు వేశాను. రెండువేల మంది, వీడేం చేస్తున్నాడు అన్నట్టు నా వైపు చూస్తున్నారు. రసెల్ కూడా చూస్తున్నాడు. నేను వంగి, బ్యాటర్ కాళ్ల దగ్గర నేలలో పాతిన ప్లేట్ అనే పలక మీద ఏదో ఉన్నట్టు మట్టి దులిపి, వెనక్కి వెళ్లి కూర్చున్నాను.

కట్టుబాటు అడ్డం వచ్చింది అని ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. నిజమే, అడ్డం వచ్చింది. ఇంకోటి కూడా ఉంది. అలాంటి ఆట పట్టిన క్యాచర్ పేరు కూడా పిచర్ పేరు కింద రాస్తారు. నాకు ముప్ఫై నిండబోతున్నాయి. నా పేరు ఎక్కడా రాయలేదు అప్పటిదాకా. మట్టి దులుపుతున్నప్పుడు ఈ ఆలోచన నా బుర్రలో ఉంది. కాదని చెప్పి ఇప్పుడు ఎవర్ని మోసం చేయాలి?

ఎనిమిదో ఇన్నింగ్స్ ముందు బెంచీ మీద నేను కింద నేల చూస్తూ కూర్చున్నాను. పొద్దుతిరుగుడు గింజల తొక్కలు లెక్కపెడుతూ. వాడి వైపు చూడలేదు. తొమ్మిదోదాని ముందు కూడా చూడలేదు.

తొమ్మిదో ఇన్నింగ్స్, నూట పద్నాలుగో బంతి. ఇద్దరు అవుటయ్యారు, ఒక్కడు మిగిలాడు. రసెల్ చెయ్యి ముందుకి వచ్చినప్పుడు ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు విన్నాను. బ్యాటర్ దాన్ని తప్పుగా తగిలించాడు, బంతి నిట్టనిలువుగా లేచింది. నేను ముసుగు తీసి పారేసి తల పైకెత్తి దాని కిందకి వెళ్లాను. పడింది. పట్టాను. అయిపోయింది.

ఇలాంటప్పుడు క్యాచర్ పరిగెత్తి పిచర్ మీదకి దూకాలి. అదీ ఆచారమే. నేను పరిగెత్తాను. చప్పుడు విన్నవాణ్ణి, వేలు వణకడం చూసినవాణ్ణి, రెండువందల పౌండ్ల ఒళ్లేసుకుని వాడి మీదకి దూకాను. నా వెనక జట్టు జట్టంతా దూకింది. కుప్పలా పడ్డాం. అడుగున వాడు అరుస్తున్నాడు. అందరూ అరుస్తున్నారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. వాడి నోరు నా చెవి దగ్గర ఉంది.

"చెయ్యి పోయింది," అన్నాడు. "వెర్న్, చెయ్యి పోయింది."

అది వాడి నోట నా పేరు విన్న మొదటిసారి. నేను వాళ్లని లెమ్మని అరవబోతుంటే ఎడమచేత్తో నా చొక్కా పట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పకు. పోయింది ఎలాగూ పోయింది. నన్ను పైకి వెళ్లనీ. ఒక్కసారి వెళ్లనీ."

చెప్పలేదు. ఆ మధ్యాహ్నం నోరు మూసుకోవడం అలవాటైపోయింది కదా.

ఒక గంటకి బాస్ వాడిని గదిలోకి పిలిచాడు. తలుపు తీసే ఉంది. గోడ మీద డాక్టరు ఉత్తరం అలాగే వేలాడుతోంది. "ఏరా గాజూ, రేపు మధ్యాహ్నానికి పైజట్టు దగ్గర ఉండాలంట. టై ఉందా నీకు? లేకపోతే నాది పట్టుకుపో," అన్నాడు బాస్. ఆ ముసలాడి కళ్లలో నీళ్లు. రసెల్ ఎడమచెయ్యి చాచాడు, ఆయన దాన్నే రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు. కుడిచేతికి లెస్టర్ ఐసు కట్టాడు. "కొంచెం బిగుసుకుపోయింది," అన్నాడు రసెల్. నూట పద్నాలుగు బంతులేసిన చెయ్యి బిగుసుకుపోదా మరి. లెస్టర్ ఇంకేం అడగలేదు. అడగాలని లేదు అతనికి. నోరీన్ బయట అందర్నీ కౌగిలించుకుంటోంది. నన్ను కూడా కౌగిలించుకుని, "నువ్వు లేకపోతే ఈ రోజు లేదు వెర్న్," అంది.

మా సీజన్ మంగళవారంతో ముగిసింది. నేను ఇండియానాలో మా బావ ట్రాక్టర్ల షాపులో పనికి వెళ్లిపోయాను. శుక్రవారం మధ్యాహ్నం కిరాణా కొట్టు ముందు కారు ఆపుకుని రేడియో పెట్టాను. పైజట్టు తొమ్మిది పరుగులు వెనకబడి ఉంది, ఎలాగూ ఓడే ఆట. అలాంటప్పుడే కొత్తవాళ్లని దింపుతారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వాడి పేరు చదివారు. టిబడో అనడం రాక రేడియోవాడు తిబడెక్స్ అన్నాడు.

మొదటి బంతి ప్లేట్‌కి ముందే నేలకి తగిలింది. "కొంచెం కంగారు పడుతున్నట్టున్నాడు," అన్నాడు రేడియోవాడు. రెండోది క్యాచర్ తల మీదుగా పోయింది. మూడోది ఎక్కడికి పోయిందో అతను చెప్పలేదు, జనం నవ్వు మాత్రం వినిపించింది. నాలుగోది కూడా పక్కకే. నాలుగూ చెడితే బ్యాటర్‌ని ఉత్తపుణ్యానికి బేస్ మీదకి పంపాలి, పంపారు. రెండో బ్యాటర్‌కి మొదటి బంతి వేశాడు. "పిచర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు," అన్నాడు రేడియోవాడు. "చెయ్యి పట్టుకున్నాడు. ఎవరైనా వెళ్లాలి. ఆ, వెళ్తున్నారు." ఆ తర్వాత సబ్బు ప్రకటన వచ్చింది.

వాడు బేస్ మీదకి పంపినవాడు తర్వాతి పిచర్ వేస్తుండగా పరుగు చేశాడు. ఆ పరుగు వాడి ఖాతాలోనే పడుతుంది. పుస్తకంలో ఇలా ఉంటుంది. ఆడిన ఆటలు ఒకటి. అవుట్ చేసినవాళ్లు సున్నా. ఇచ్చిన పరుగులు ఒకటి. పిచర్ ఎంత మంచివాడో చెప్పే సగటు ఒకటుంటుంది, పరుగుల్ని అవుట్లతో లెక్కకట్టి వేస్తారు. సున్నాతో భాగించడం కుదరదు. అందుకని ఆ గడిలో ఒక గీత గీసి వదిలేశారు. వాడు చేసినదంతా ఆ గీత.

దాచిపెట్టి వచ్చాడని పైజట్టువాళ్లకి కోపమొచ్చింది, వాళ్ల కోపంలో తప్పేమీ లేదు. ఆపరేషన్ చేయించారు, అది పట్టలేదు. ఇంకోటి చేయించుకున్నాడు. ఈసారి తాడు కాలిలోంచి తీశారు. తర్వాతి వసంతంలో నేను వెళ్లి ఒక బడి మైదానంలో వాడి బంతులు పట్టాను. అరవై అడుగులు కదా, వాడి బంతి ముప్ఫై అడుగులు వచ్చి పడి దొర్లింది. దొర్లుకుంటూ నా దగ్గరికి వస్తుంటే నేను చెయ్యి చాచి దాన్ని తీసుకున్నాను. అయిదోదాని తర్వాత, "చాలు బస్తా, ఇంటికి పోదాం," అన్నాడు. ఇద్దరం కారులో కూర్చుని ఏడ్చాం. సిగ్గుపడాల్సినంత ఏడ్చాం. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు.

పదకొండేళ్లు క్రిస్మస్‌కి ఫోన్లు చేసుకున్నాం. కిందటి అక్టోబరులో దుంపలు తవ్వే యంత్రం ఒకటి అప్పగించడానికి మెయిన్ దాకా వెళ్లే పని తగిలితే, ఇక తప్పించుకోలేక వాళ్లింటికి వెళ్లాను. వాడి జుట్టు పలచబడింది. కుడి మోచెయ్యి సాగదు, వంగిన చోటే ఆగిపోయింది. చిటికెన వేలికీ ఉంగరం వేలికీ స్పర్శ లేదు. పొయ్యి మీద కాలుతున్నా తెలియక, కమురు వాసన వస్తే చూసుకున్నాడట ఒకసారి. నోరీన్ మాకు బక్‌వీట్ అనే గింజల పిండితో ఒక వైపే కాల్చే అట్లు పోసి వెన్న రాసి పెట్టింది. నాతో మర్యాదగా మాట్లాడింది. నవ్వలేదు.

వాడు పనిచేసేది దుంపలు ఏరే షెడ్డులో. బెల్టు మీద దుంపలు వస్తుంటే రాళ్లూ కుళ్లినవీ తీసి పారేయాలి. ఎడమచేత్తో తీస్తున్నాడు. నేను పక్కన నిలబడి కాసేపు నేనూ తీశాను.

"ఏడో ఇన్నింగ్స్‌లో నాకు తెలుసు," అన్నాను.

వాడు చెయ్యి ఆపలేదు. "ఏంటి తెలుసు?"

"నీ చెయ్యి. చిటికెన వేలు చూశాను. ఎనభై రెండో బంతికి. తెలిసే ఊరుకున్నా."

"నాకు తెలుసులేరా."

"ఏం తెలుసు?"

"నువ్వు చూశావని. నువ్వు లేచావుగా. నాలుగడుగులు వేశావు." వాడు ఒక రాయి తీసి వెనక డబ్బాలోకి వేశాడు. "నాకు ప్రాణం లేచొచ్చింది తెలుసా. వస్తున్నాడు, అడుగుతాడు, అవునంటాను, బాస్‌కి వాడే చెప్తాడు, దిగిపోతాను అనుకున్నా. నువ్వు మట్టి దులిపావు."

షెడ్డులో యంత్రం గోల. నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"ఎనిమిదో దాని ముందు కూడా నీ వైపే చూస్తూ కూర్చున్నా," అన్నాడు. "తొమ్మిదో దాని ముందు కూడా. నువ్వు కిందకి చూస్తున్నావు."

"నువ్వే చెప్పొచ్చు కదరా. నీ చెయ్యి అది."

"నేనా?" అప్పుడు వాడు నా వైపు తిరిగాడు. కోపం లేదు వాడి మొహంలో. కోపమన్నా ఉంటే బావుండును. "మూడుసార్లు చెప్పినవాణ్ణి నేను. పైజట్టు మనిషి కూర్చున్న రోజు, అలాంటి ఆటలో, నాలుగోసారి నొప్పి అని నేనంటే దాన్నేమంటారు? భయపడ్డాడంటారు. అదే క్యాచర్ అంటే నొప్పంటారు. నా నోటితో కుదరదు వెర్న్. నీ నోటితోనే కుదిరేది."

నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి, "నేను వచ్చి ఉంటే ఏమయ్యేది?" అన్నాను.

"ఏముంది, ఎనభై బంతులకి దిగిపోయేవాణ్ణి. ఆట చెడగొట్టాడని ఊరంతా నిన్ను తిట్టేది. నేనూ తిట్టేవాణ్ణి, ఏడాదిపాటు నీతో మాట్లాడేవాణ్ణి కాదు." వాడు మళ్లీ బెల్టు వైపు తిరిగి కుళ్లిన దుంపని వెతికి తీశాడు. "తర్వాత పదేళ్లు బంతి విసురుతూ ఉండేవాణ్ణి."